ఎండాకాలం చెరువు, కొర్రమీను వేట, మన బాధ్యత
(మన సంఘం యువజన సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఇలాంటి సభల్లో మా హాస్టల్ వాళ్లను పిలిస్తే చదువు గురించి మాట్లాడతామని అనుకుంటారు. ఈ రోజు చేపల గురించి మాట్లాడతాం. ఇదీ చదువే. ఏప్రిల్ చివర్లో బడులు మూసేస్తారు, పిల్లలు ట్రంకుపెట్టెలు మోసుకుని ఊళ్లకు పోతారు, మళ్లీ జూన్‌లో వస్తారు. ఈ నడుమ నెలన్నరలో వాళ్లు ఎక్కువగా ఉండేది ఇప్పచెట్ల కింద, తునికాకు కల్లాల్లో, చెరువుల్లో. తునికాకు గురించి చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు. చెరువు గురించి మనమే చెప్పుకోవాలి.

ముందుగా ఒక మాట. గోండిలో చేపను మీన్ అంటారు. తెలుగు వాళ్లు చెప్పే కొర్రమీనులోనూ ఆ మీనే ఉంది. గోండిలో ఏర్ అంటే నీళ్లు, తెలుగులో ఏరు అంటే పారే వాగు. మన మాటకూ ఆ మాటకూ వేరు ఒకటే. నీళ్లతో, చేపతో మన చుట్టరికం ఎంత పాతదో ఈ రెండు మాటలు చెబుతాయి. కాబట్టి చేపలు పట్టడం చదువురాని వాళ్ల పని అని ఎవరైనా అంటే సిగ్గుపడకండి. అందులో ఎంత శాస్త్రం ఉందో ఇప్పుడు చూద్దాం.

ఎండలో నీళ్లకు ఏమవుతుంది?

మే నెలలో మన వైపు ఎండ 45 డిగ్రీలు దాటే రోజులు ఉంటాయి. లోతైన చెరువులో పైనీళ్లు కాగినా అడుగున చల్లగా ఉంటుంది, చేప కిందికి దిగి ప్రాణం కాపాడుకుంటుంది. మన కుంటల్లో, చిన్న చెరువుల్లో ఎండాకాలానికి మోకాలి లోతు, నడుము లోతు నీళ్లే మిగులుతాయి. అక్కడ పైనా కిందా అంతా ఒకటే వేడి. చేపకు దిగడానికి చోటు లేదు.

రెండో కష్టం ఊపిరిది. చేప పీల్చేది నీళ్లలో కరిగిన ఆక్సిజన్‌ను. నీళ్లు ఎంత వేడెక్కితే అందులో ఆక్సిజన్ అంత తక్కువగా నిలుస్తుంది. 20 డిగ్రీల నీళ్లు లీటరుకు సుమారు 9 మిల్లీగ్రాముల ఆక్సిజన్‌ను పట్టుకోగలవు. 30 డిగ్రీలకు అది ఏడున్నరకు పడిపోతుంది. అదే వేడిలో చేప ఒంటికి కావలసిన ఆక్సిజన్ మాత్రం పెరుగుతుంది. రాబడి తగ్గి ఖర్చు పెరిగిన ఇల్లు ఎలా ఉంటుందో ఎండాకాలం చెరువు అలా ఉంటుంది.

పగలు నాచు, నీళ్లలో మునిగి ఉండే మొక్కలు ఎండలో ఆహారం తయారు చేసుకుంటూ నీళ్లలోకి ఆక్సిజన్ వదులుతాయి. రాత్రి వెలుతురు ఉండదు కాబట్టి ఆ పని ఆగిపోతుంది. పైగా ఆ మొక్కలు కూడా చేపలతో పాటు ఆక్సిజన్ వాడుకుంటాయి. అందుకే తెల్లవారుజామున నీళ్లలో ఆక్సిజన్ అన్నిటికన్నా తక్కువగా ఉంటుంది. కోడి కూసే వేళ చెరువు గట్టున నిలబడితే బొచ్చెలు, రవ్వలు పైకొచ్చి నోళ్లు తెరుస్తూ మూస్తూ కనిపిస్తాయి. అవి ఆడుకోవడం లేదు, ఊపిరాడక తన్నుకుంటున్నాయి. చెరువులో ఒకే రోజు చేపలన్నీ తేలిపోతే ప్రతిసారీ ఎవరో మందు కలిపారని అనుకోనక్కర్లేదు. కొన్నిసార్లు ఎండే కారణం.

కొర్రమీను సంగతి వేరు

ఈ కష్టాన్ని తట్టుకునే చేపలు మన చెరువుల్లో కొన్ని ఉన్నాయి. కొర్రమీను, మట్టగిడస, మార్పు, ఇంగిలాయి. వీటికి మొప్పలు ఉంటాయి. వాటితో పాటు గాలిని నేరుగా పీల్చుకునే ఏర్పాటు కూడా ఉంది. కొర్రమీనుకు తలలో మొప్పల పైన గాలి నింపుకునే అర ఉంటుంది. అది నీటి మీదికి వచ్చి ఒక గుక్క గాలి తీసుకుని మళ్లీ కిందికి పోతుంది. నీళ్లు ఎంత వేడెక్కితే అంత తరచుగా పైకి వస్తుంది. పైకి రానీయకుండా ఆపితే నీళ్లలోనే ఊపిరాడక చచ్చిపోతుంది. నీళ్లలో మునిగి చచ్చే చేప అంటే నవ్వుతారు గానీ అది నిజం. కుంట ఎండితే తడి బురదలో దూరి వాన కోసం ఎదురుచూస్తుంది. అంత మొండి ప్రాణం కాబట్టే సంతకు బిందెలో కాసిన్ని నీళ్లు పోసి ప్రాణంతో తీసుకుపోతాం. ప్రాణంతో ఉన్న కొర్రమీనుకు ఉండే ధర చచ్చినదానికి రాదు. తెలంగాణ ప్రభుత్వం 2016లో దీన్నే రాష్ట్ర చేపగా ప్రకటించింది.

మీలో చాలామంది ఫోన్లలో అమెరికా వాళ్లు బాస్ చేపలు పట్టే వీడియోలు చూస్తున్నారు. ప్లాస్టిక్ కప్పను తామరాకుల మీద గెంతించి ఎండాకాలం లోతులేని చెరువుల్లో ఆ చేపను పడతారు. అది కూడా కొర్రమీను లాగే దాగి ఉండి దెబ్బకొట్టే చేప. ఎండ ముదిరితే నాచు నీడలోకి పోతుంది, పొద్దున్నే, పొద్దుగూకే వేళ తిండికి బయటికి వస్తుంది. అయితే దానికి కొర్రమీను లాగా గాలి పీల్చే అర లేదు. అందుకే ఆ దేశంలో వదిలేద్దామనుకున్న చేపను మండే ఎండలో ఎక్కువసేపు బయట ఉంచకుండా తొందరగా నీళ్లలోకి పంపేయాలని చెబుతారు. ఆ ప్లాస్టిక్ కప్పలు ఇప్పుడు మన దగ్గరా దొరుకుతున్నాయి, కొర్రమీను వాటికి పడుతోంది. కొనుక్కోవద్దని మేము అనం. ఆ కప్ప ఎందుకు పనిచేస్తోందో మాత్రం తెలుసుకోండి. మన పెద్దలు బతికున్న కప్పపిల్లను గాలానికి గుచ్చి తామరాకుల నడుమ ఆడించింది ఇదే తెలివితో.

పెద్దలు చెరువును ఎలా చదివేవారు

మన ముసలివాళ్లను అడగండి. వాళ్లు గట్టెక్కగానే గాలం వేయరు. ముందు కూర్చుని చూస్తారు. నీటి మీద ఎక్కడ బుడగలు లేస్తున్నాయి? తుంగలో గాలి లేకున్నా ఏ మొక్క కదిలింది? ఒకే చోట మళ్లీ మళ్లీ గుక్క తీసుకుంటున్న చేప ఏది? ఎండలో అది నీడ వదలదు కాబట్టి తూము దగ్గరి గుంత, చెట్టు కొమ్మ వంగిన చోటు, తామరాకుల అంచు చూస్తారు. వేటకు రెండు వేళలే: పొద్దు పొడిచినప్పుడు, పొద్దు వాలినప్పుడు. నడిమధ్యాహ్నం చేప నోరు తెరవదు, మనిషికి వడదెబ్బ తగులుతుంది.

గాలానికి ఎర్రలు, కప్పపిల్లలు, చిన్న పరిగెలు. పారే నీటికి అడ్డంగా మావు. మోకాలి లోతు బురద నీళ్లకు ఊత. ఊత అంటే పైన చిన్న మూతి, కింద వెడల్పాటి నోరు ఉన్న వెదురు బుట్ట. దాన్ని బురదలోకి గట్టిగా అదిమి పట్టుకుంటే లోపల చిక్కిన చేప పుల్లలకు తగిలి కొట్టుకుంటుంది. ఆ దెబ్బ చేతికి తెలుస్తుంది. అప్పుడు పై మూతిలోంచి చేయి పెట్టి తీస్తారు. ఊత వేసినచోట ఒక చేపే దొరుకుతుంది. అది చిన్నదైతే బతికుండగానే వదిలేయవచ్చు. ఈ పనిముట్టులోనే ఒక హద్దు ఉంది.

ఆడవాళ్లు కూడా చేపలు పడతారని మరిచిపోవద్దు. బుట్టలతో, పాత చీరలతో పరిగెలు, జెల్లలు, రొయ్యలు పట్టి, ఇంటికి సరిపోగా మిగిలినవి ఎండబెట్టి వానాకాలానికి దాచేది అమ్మలే. చిన్న చేపను ముల్లుతో సహా తింటాం కాబట్టి ఎముకలకు కావలసిన సున్నం దొరుకుతుంది. రక్తం తక్కువున్న ఆడపిల్లలకు చేప కూర మంచి తిండి. కాబట్టి చెరువు ఎండితే, చెరువులో విషం కలిస్తే ఆ నష్టం మొదట అమ్మ చేతి కూరకుండకు తెలుస్తుంది.

చాలా ఊళ్లల్లో చెరువు తగ్గినప్పుడు పెద్దలు ఒక రోజు చెబితే ఊరంతా కలిసి దిగుతారు. దిగలేని ముసలివాళ్లకు, ఒంటరి ఆడవాళ్లకు కూడా పాలు పంచుతారు. చివరి మడుగును తోడి ఖాళీ చేయరు. ఆ మడుగులో మిగిలిన నాలుగు జతలే రేపటి విత్తనం. గాదెలో విత్తన గింజలు వండుకుని తినం కదా, ఇదీ అంతే.

ఎర్రగుంపు కనిపిస్తే

వానలు పడగానే కొర్రమీను గడ్డిలో గుండ్రంగా చోటు చేసుకుని గుడ్లు పెడుతుంది. గుడ్లు నీటి మీద తేలుతాయి. పిల్లలు పుట్టాక ఎర్రటి గుంపుగా నీటి మీద కదులుతూ ఉంటాయి. తల్లీ తండ్రీ రెండూ కింద కాపలా కాస్తాయి. ఆ గుంపు మీదికి ఏది వచ్చినా దాడి చేస్తాయి. గుంపు నడుమ గాలం వేస్తే పెద్ద చేప కోపంతో దాన్ని పట్టుకుంటుంది. చాలా తేలికైన వేట అది. కానీ ఆ ఒక్క చేపను పట్టినప్పుడు మనం పట్టేది ఒక్క చేపను కాదు. కాపలా పోయిన ఆ పిల్లలను గంటల్లోనే పక్షులు, మిగతా చేపలు తినేస్తాయి. ఎర్రగుంపు కనిపిస్తే గాలం ఎత్తేయాలి. ఇది మన యువకులంతా పెట్టుకోవలసిన మొదటి కట్టుబాటు.

మందు, కరెంటు, తూటా

ఇప్పుడు అసలు సంగతి. ఊత, గాలం అటక మీదికి పోయాయి. పత్తి చేనుకు కొట్టే పురుగుమందు డబ్బా చెరువులోకి వచ్చింది. కరెంటు తీగ వచ్చింది. కొన్నిచోట్ల తూటాలు వచ్చాయి. అరగంటలో బస్తా నిండుతుంది. ఆ అరగంట తర్వాత ఏం మిగులుతుందో ఆలోచించండి.

కొందరు తమ్ముళ్లు ఒక ప్రశ్న అడుగుతారు. "అక్కా, మన తాతలు మంగకాయ దంచి నీళ్లలో కలపలేదా? ఇప్పచెక్క వేయలేదా? అది విషం కాదా?" మంచి ప్రశ్న. దాటవేయకుండా జవాబు చెప్పాలి. అవును, అదీ విషమే. ఇప్పచెక్కలో సపోనిన్ అనే పదార్థం ఉంటుంది. అది మొప్పల ద్వారా రక్తంలోకి పోయి ఎర్ర రక్తకణాలను పాడు చేస్తుంది. చేపల చెరువులవాళ్లు కూడా కొత్త పిల్లలను వదిలే ముందు పాత చేపలను తీసేయడానికి దాన్నే వాడతారు. రెండు మూడు వారాల్లో ఆ విషం విరిగిపోయి నీటికి ఎరువవుతుంది. పురుగుమందు అలా కాదు. అది చేప ఒంట్లో ఉంటుంది, ఆ చేప తిన్న మన ఒంట్లోకి వస్తుంది, ఆ నీళ్లు తాగిన ఎడ్లకు, మేకలకు పోతుంది. తాతలు కలిపింది వాగు పక్కన విడిపోయిన చిన్న గుంటలో, ఊరికి తెలిసి, ఏడాదికి ఒకటి రెండుసార్లు. ఇప్పుడు కలిపేది ఊరంతా వాడే చెరువులో, రాత్రిపూట, ఒక్కడి లాభానికి. ఈ రెండూ ఒకటి కావు. అయినా ఇంకో మాట చెప్పాలి. అప్పుడు చెరువులు ఎక్కువ, మనుషులు తక్కువ. ఇప్పుడు మిగిలిన చివరి మడుగులో మంగకాయ వేసినా చిన్నా పెద్దా తేడా లేకుండా అన్నీ పోతాయి. తాతలు చేశారు కాబట్టి మనమూ చేయవచ్చు అనలేం. తాతలు ఎందుకు హద్దు పెట్టుకున్నారో ఆ హద్దును మనం తీసుకోవాలి.

చట్టం కూడా ఇదే చెబుతుంది. నీటిలో విషం కలిపి, పేలుడు పదార్థాలు వాడి చేపలు చంపడాన్ని 1897 నాటి భారత మత్స్య చట్టమే నేరమన్నది. తూటాలు దగ్గర పెట్టుకోవడం దానికన్నా పెద్ద నేరం, చదువుకునే పిల్లవాడి బతుకు కేసుల్లో పోతుంది. కరెంటు సంగతి చెప్పనక్కర్లేదు. తడి కాళ్లతో నీళ్లలో నిలబడి తీగ పట్టుకున్నవాడికి రెండో అవకాశం ఉండదు.

ఇంకో హెచ్చరిక. ఆఫ్రికా క్యాట్‌ఫిష్‌ను మన మార్పు చేప అని చెప్పి అమ్ముతారు, చెరువుల్లో వదులుతారు. దాన్ని పెంచడం మన దేశంలో నిషేధం. అది చెరువులో చేరితే మన చిన్న చేపలను బతకనివ్వదు. పిల్ల చేపలను ఎవరు తెచ్చి వదిలినా అవి ఏమిటో అడిగి తెలుసుకోండి.

ప్రాణం జాగ్రత్త

సెలవుల తర్వాత హాజరు పట్టీ తెరిచినప్పుడు అన్ని పేర్లకూ "ఉన్నాను మేడం" అని వినపడాలి. అదే మా వార్డెన్లందరి మొక్కు. అందుకే ఈ నాలుగు మాటలు గట్టిగా చెబుతున్నాం.

ఒకటి. ఎండిన చెరువు శిఖంలో మట్టి కోసం జేసీబీలు తవ్విన గుంతలు ఉంటాయి. పైన నీళ్లు మోకాలి లోతే ఉన్నట్టు కనిపిస్తాయి, ఒక్క అడుగు ముందుకు వేస్తే రెండు మనిషి లోతు. తెలియని చోట కర్రతో లోతు చూసుకోకుండా దిగవద్దు. ఒంటరిగా అసలే దిగవద్దు.

రెండు. ఎవరైనా మునుగుతుంటే ఈత సరిగా రానివాళ్లు దూకవద్దు. వెదురు బొంగు, తాడు, చీర, ఖాళీ డబ్బా, ఏది ఉంటే అది అందించండి. ఒకరి కోసం దూకి ఇద్దరు ముగ్గురు పోతున్నారు. బయటికి తీశాక తలకిందులుగా వేలాడదీయడం, గిరగిరా తిప్పడం చేయవద్దు, ఆ సమయమే ప్రాణం. ఊపిరి లేకపోతే వెంటనే నోట్లో నోరు పెట్టి గాలి ఊదాలి, రొమ్ము నడుమ గట్టిగా వేగంగా నొక్కాలి. మరొకరు 108కి ఫోన్ చేయాలి. ఈ పద్ధతి ఆరోగ్య కేంద్రంలో అడిగి ప్రతి ఊరిలో కనీసం ఇద్దరు నేర్చుకోండి.

మూడు. ఇంగిలాయి ముల్లు గుచ్చుకుంటే ప్రాణం పోయినంత నొప్పి. ముల్లు తీసి, శుభ్రంగా కడిగి, చర్మం కాలనంత వేడి నీళ్లలో ఆ చేయి ఉంచితే నొప్పి తగ్గుతుంది. తర్వాత ఆసుపత్రికి పోయి టీటీ ఇంజెక్షన్ వేయించుకోవాలి. ఊతలో, మావులో చేయి పెట్టేముందు చూసుకోండి, అందులో చిక్కింది పామూ కావచ్చు.

నాలుగు. ఎండ. తల తిరగడం, వాంతి, మాట తడబడటం వస్తే వెంటనే నీడకు తెచ్చి ఒళ్లంతా తడిపి గాలి విసరాలి. తెలివి ఉంటే కొద్దికొద్దిగా నీళ్లు పట్టాలి. తెలివి తప్పితే నోట్లో ఏమీ పోయకుండా 108కి చెప్పాలి.

చెరువు మీద మన హక్కు

చివరగా హక్కు సంగతి. చేప మన తిండి అని మనం చెప్పడమే కాదు, చట్టం కూడా రాసింది. 2006 అటవీ హక్కుల చట్టం 3(1)(డి) సెక్షన్‌లో చేపల మీద, నీటి వనరుల మీద సామూహిక హక్కు ఉంది. అడవిలో ఉన్న మన కుంటలకు, మడుగులకు గ్రామసభ ద్వారా ఫారం-బి లో సామూహిక హక్కు దరఖాస్తు పెట్టుకోవచ్చు. అదే చట్టం 5వ సెక్షన్ ఆ నీటి వనరులను కాపాడే బాధ్యతను కూడా హక్కుదారుల మీదే, గ్రామసభ మీదే పెట్టింది. 1996 పెసా చట్టం షెడ్యూల్డ్ ప్రాంతాల్లో చిన్న నీటి వనరుల ప్రణాళికను, నిర్వహణను పంచాయతీలకు అప్పగించాలని చెప్పింది. అంటే చెరువును ఎవరికి ఇవ్వాలి, ఎప్పుడు చేపలు పట్టాలి అన్న మాట మన లేకుండా తేల్చడం కుదరదు. ఆ మాట చెప్పాలంటే మనం గ్రామసభలో కూర్చోవాలి. తీర్మానం పుస్తకంలో ఏం రాశారో చదివి సంతకం పెట్టాలి. చదువుకున్న మీరు ఉన్నది అందుకే.

వచ్చే గ్రామసభలో మీరు పెట్టగలిగిన తీర్మానం ఇదీ. మన చెరువులో మందు, కరెంటు, తూటా వాడరాదు. చివరి మడుగును తోడరాదు. ఎర్రగుంపు ఉన్నచోట వేట చేయరాదు. తొలి వానలకు ఎదురెక్కే చేపలకు మత్తడి దగ్గర అడ్డుగా సన్నకన్ను వల కట్టరాదు. తవ్విన గుంతల దగ్గర గుర్తు కర్రలు పాతాలి. ఐదు వాక్యాలు. ఒక్క పేజీ కూడా పట్టదు.

ఈ సెలవుల్లో ఇంకో పని చేయండి. మీ ఊరిలో ఊత అల్లడం తెలిసినవాళ్లు ఎందరున్నారో వెతకండి. వాళ్ల పక్కన రెండు రోజులు కూర్చోండి. ఏ వెదురు, ఏ నెలలో కొట్టాలి, పుల్లకూ పుల్లకూ నడుమ ఎంత సందు వదలాలి, అన్నీ అడిగి రాసుకోండి. ఆ సందు ఎందుకని అడిగితే చిన్న చేప బయటికి పోవడానికి అని వాళ్లే చెబుతారు. మీ ఊరి చేపల పేర్లు మన మాటలో ఏమంటారో కూడా రాయండి. రాసినవి సంఘానికి ఇస్తే వచ్చే సంచికలో మీ పేరుతోనే వస్తాయి.

వానలు బాగా పడాలి, చెరువులు నిండాలి, మీరంతా క్షేమంగా బడికి రావాలి.